రెంటచింతల ఎండ, మచిలీపట్నం ఉక్క

అందరికీ నమస్కారం. ఫ్యాన్లు కూడా సరిగ్గా తిరగని హాల్లో కూర్చోబెట్టి ఉక్కపోత గురించే మాట్లాడమన్నారు, కాబట్టి ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు.

టీవీలో ఎండల వార్త రాగానే రెంటచింతల పేరు వినిపిస్తుంది. అక్కడ 45 డిగ్రీలంటే అమ్మో అంటాం. మచిలీపట్నంలో 38 అంటే ఎవరూ పట్టించుకోరు. ఒంటి లెక్క మాత్రం వేరు. చెమట పట్టినంత మాత్రాన చల్లబడం, అది ఆరాలి. గాలి నిండా తేమ ఉంటే ఆరకుండా కారిపోతుంది. అందుకే, చెమట ఎంతవరకు చల్లబరచగలదో తెలియడానికి థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి కూడా చూస్తారు. తేమ 15 శాతం ఉంటే 45 డిగ్రీల ఎండలోనూ ఆ తడి థర్మామీటరు 24 దగ్గరే ఆగుతుంది. తేమ 60 శాతమైతే 38 డిగ్రీలకే 31కి చేరుతుంది.

ఆ 31 ఎంత ప్రమాదమో చూడండి. ఆ తడి థర్మామీటరు లెక్కలో మనిషి 35 దాకా తట్టుకోగలడని 2010లో లెక్కగట్టారు. తర్వాత అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీవాళ్లు ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లతో తేలికపాటి పనే చేయించి పరీక్షించారు. తేమ ఎక్కువున్నచోట 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పిందని 2022లో ప్రకటించారు. వాళ్లు కుర్రాళ్లు. మరి బీపీ మాత్ర మింగి రొయ్యల చెరువు గట్టు మీద మేత బస్తాలు మోసే యాభై ఏళ్ల మనిషి మాటేమిటి?

లెక్కల్లో ఇంకో చిక్కుంది. 2015లో మన రెండు రాష్ట్రాల్లో వడదెబ్బ మృతులు సుమారు రెండు వేల మందన్నది అధికారిక లెక్క. ఎండలో పడిపోయినవాళ్లు అందులోకి వస్తారు. రేకుల ఇంట్లో రాత్రి నిద్రలోనే పోయిన ముసలమ్మ మాత్రం 'హార్ట్ ఎటాక్' కింద పోతుంది. అహ్మదాబాద్‌లో 2010 మేలో 46.8 డిగ్రీలు నమోదైంది. పరిశోధకులు వడదెబ్బ కేసుల దగ్గరే ఆగిపోలేదు. ఏ కారణంతో పోయినా సరే, ఆ నెల మరణాలన్నీ తీసి ముందు, వెనక ఏడాదుల మే నెలలతో పోల్చారు. 1,344 మరణాలు ఎక్కువ తేలాయి. ఆ దెబ్బతోనే 2013లో ఆ నగరం వడగాడ్పుల ప్రణాళిక తెచ్చుకుంది. దానివల్ల ఏటా వెయ్యికి పైగా ప్రాణాలు నిలిచాయని తర్వాత అంచనా వేశారు.

ఆశా కార్యకర్తలూ, ఏఎన్ఎమ్‌లూ చాలామంది వచ్చారు కదా, మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఈ వేసవిలో మీ పరిధిలో ఎవరు పోయినా, ఇంటి కప్పు రేకా, స్లాబా, పోయింది పగలా, రాత్రా అన్నవి కూడా రాసిపెట్టండమ్మా. ఆ రోజు తేమ ఎంతో వాతావరణ శాఖ దగ్గర ఎలాగూ ఉంటుంది.