తొడలో తూటా, చేతిలో కలం

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే రచయిత పేరు మన దగ్గర పెద్దగా వినపడదు. సాహస నవలలు రాసిన కెప్టెన్ మేన్ రీడ్. రష్యన్ రచయిత చెహోవ్ కథలు చదివినవాళ్లకి మాత్రం ఒక చోట తగిలే ఉంటాడు. ఇద్దరు అబ్బాయిల కథ అది. సెలవులకి స్నేహితుడి ఇంటికి వచ్చిన ఒక బడిపిల్లాడు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని కూర్చుని, ఉన్నట్టుండి ఆ ఇంటి పిల్లని అడుగుతాడు: "మీరు మేన్ రీడ్‌ని చదివారా?" ఆ అబ్బాయిలిద్దరూ అమెరికా పారిపోదామని గుట్టుగా ప్లాన్ వేసుకున్నారు. ఒక పిస్తోలు, రెండు చాకులు, ఎండు రొట్టె, నిప్పు రాజేయడానికి భూతద్దం, దిక్సూచి, నాలుగు రూబుళ్లు. ఇంతే సామాను! ఊళ్లో తుపాకి మందు ఎక్కడ అమ్ముతారని అడుగుతూ దొరికిపోతారు. ఆ కథ అచ్చయ్యేనాటికి రీడ్ పోయి నాలుగేళ్లయింది. రష్యా పిల్లలు మాత్రం ఇంకా ఆయన వెంటే పడుతున్నారు.

రీడ్ 1818లో ఉత్తర ఐర్లండ్‌లోని బ్యాలీరోనీ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. కొడుకు కూడా అదే దారి పట్టాలని బెల్‌ఫాస్ట్‌లో చదివించాడు. అబ్బాయికి ఆ చదువు ఒంటబట్టలేదు. కొన్నాళ్లు ఊళ్లో బడి నడిపి, 1840లో ఓడెక్కి న్యూ ఆర్లియన్స్‌లో దిగాడు. అక్కణ్నుంచి చేయని పని లేదు. ఫిలడెల్ఫియాలో ఉండగా అమెరికన్ కవి, కథకుడు ఎడ్గార్ అలన్ పోతో స్నేహం కుదిరింది. పద్యాలు రాశాడు, నాటకం రాశాడు. అవే రాస్తూ ఉండిపోయి ఉంటే ఇవాళ ఆయన గురించి సభ పెట్టేవాళ్లం కాదని నా నమ్మకం.

1846లో అమెరికాకి మెక్సికోతో యుద్ధం వచ్చింది. న్యూయార్క్ వాలంటీర్ల దళంలో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరాడు. యుద్ధభూమి నుంచే మారుపేరుతో పత్రికకి కబుర్లు పంపేవాడు. మెక్సికో నగరం పక్కన చపుల్తెపెక్ అనే గుట్ట ఉంది. దాని మీద కోట, కోటలో సైనిక విద్యాలయం. 1847 సెప్టెంబర్ 13 పొద్దున అమెరికా సైనికులు నిచ్చెనలు వేసుకుని ఆ గోడలెక్కారు. తన మనుషుల్ని ముందుకి ఉరికిస్తూ పరిగెడుతున్న రీడ్ తొడలోకి తూటా దిగింది. అక్కడే కూలిపోయాడు. చచ్చిపోయాడని వార్త కూడా పుట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఆ రోజు కోటను కాపాడుతూ ప్రాణాలు విడిచిన ఆరుగురు కుర్ర కేడెట్లను మెక్సికో ఇవాళ్టికీ వీరులుగా తలుచుకుంటుంది. మన రచయిత ఆ కోట మీద దాడికి వెళ్లినవాళ్లలో ఉన్నాడు. ఆయన్ని ఎంత ఇష్టపడినా నేను ఈ సంగతి మర్చిపోలేను.

గాయం కాస్త మానాక, 1848లో సైన్యానికి రాజీనామా ఇచ్చి, ఒహాయోలో ఒక స్నేహితుడి ఇంట్లో కూర్చుని మొదటి నవల మొదలుపెట్టాడు. అది 1850లో లండన్‌లో అచ్చయింది. మరుసటి ఏడాది 'స్కాల్ప్ హంటర్స్' వచ్చింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలు కలం ఆగలేదు.

ఆయన్ని చదువుతుంటే నాకు ఎప్పుడూ ఒకటే అనిపిస్తుంది. గుర్రం మీద కూర్చుని చూసిన మనిషి రాసినవి ఇవి. కథ మంచి పట్టులో ఉంటుంది, శత్రువు వెనకే వస్తుంటాడు. అప్పుడు కూడా దారి పక్కన మొక్క పేరేంటి, ఏ ముళ్లచెట్టు కాండం కోస్తే దాహం తీరుతుంది, అవన్నీ ఆగి చెబుతాడు. కథ నడక తెలిసినవాళ్లు ఇది తప్పంటారు. నాకైతే అక్కడే ఆయన మీద గురి కుదిరింది. 'తలలేని రౌతు' నవలే చూడండి. టెక్సాస్ మైదానాల్లో తల లేని మనిషి గుర్రం మీద తిరుగుతుంటాడు, చూసినవాళ్లకి గుండె జారిపోతుంది. చివరికి తేలేదేమిటి? దయ్యమూ లేదు, భూతమూ లేదు. గుర్రానికి కట్టిన శవం.

చూడని చోటు గురించి రాసినప్పుడు ఆ పట్టు సడలుతుంది. హిమాలయాల మీద 'ప్లాంట్ హంటర్స్' అని ఒక నవల రాశాడు. మొక్కలు సేకరించడానికి వచ్చిన జర్మన్ అన్నదమ్ములు, వాళ్లకి దారి చూపే ఒస్సారూ అనే మన దేశపు వేటగాడు. ఆ కొండలు ఆయన చూసినవి కావు, పుస్తకాల్లో చదివినవి. ఆ తేడా పేజీ పేజీకీ తెలుస్తుంది. అమెరికా ఆదివాసుల్ని ఆయన చూపించిన తీరు అంతకన్నా బాధపెడుతుంది. బానిసత్వాన్ని అసహ్యించుకుని లూసియానా నేపథ్యంలో నవల రాసిన మనిషే, ఆదివాసుల దగ్గరికొచ్చేసరికి క్రూరుల్ని తప్ప మనుషుల్ని చూడలేకపోయాడు చాలాచోట్ల.

డబ్బు బాగానే వచ్చింది, వచ్చినట్టే పోయింది. లండన్‌కి దగ్గర్లో మెక్సికో పద్ధతిలో పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. 1866లో దివాలా తీశాడు. మళ్లీ అమెరికా వెళ్లి పిల్లల పత్రిక పెడితే ఎక్కువ కాలం నడవలేదు. 1870లో పాత గాయం మళ్లీ తిరగబెట్టింది. న్యూయార్క్‌లో నెలల తరబడి ఆసుపత్రి మంచం. చివరి ఏళ్లలో చంకకర్రలు లేకుండా అడుగు వేయలేకపోయాడు. గోడల మీదికి పరిగెత్తిన ఆ కాలే ఇరవయ్యేళ్లు దాటాక కూడా ఆయన్ని వదల్లేదు. అంత బాధలోనూ రాస్తూనే ఉన్నాడు.

1883 అక్టోబర్ 22న లండన్‌లో కన్నుమూశాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి. రాయి మీద కోటలూ యుద్ధాలూ లేవు. 'స్కాల్ప్ హంటర్స్'లో ఆయన రాసిన రెండు వాక్యాలున్నాయి, గుర్రం మీద వెళ్తూ చూసిన గడ్డి మైదానం గురించి. "దీన్ని కలుపు మైదానం అంటారు, తప్పు పేరు పెట్టారు. ఇది దేవుడి తోట."