సీటు కన్నా ముందు సిమ్‌కార్డు

(దేవరకద్ర ప్రాంతంలోని ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థులతో ఒక డిగ్రీ లెక్చరర్ మాట్లాడిన మాటలు)

ప్రిన్సిపాల్ గారికి, లెక్చరర్లకు నమస్కారం. పిల్లలూ, మీకు ప్రాక్టికల్స్ అయిపోయాయి, థియరీ పరీక్షలు నెత్తి మీదున్నాయి. ఇలాంటప్పుడు ఎండలో కూర్చోబెట్టి ప్రసంగం చేయడం అన్యాయమే. అందుకని ముందు ఒక్క ప్రశ్న అడుగుతాను, చేతులెత్తండి. మీ ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఇప్పుడు ఎవరి జేబులో ఉంది?

చూశారా, నా దగ్గరే ఉందన్న చేతులు చాలా తక్కువ. నాన్న దగ్గర అన్నవే ఎక్కువ. మీ నాన్న ఎక్కడున్నాడమ్మా? పుణెలోనా. మరి మీ నాన్న? ముంబై. వెనక ఆ అబ్బాయి ఏదో అంటున్నాడు... ఆ సిమ్ము ఎప్పుడో పోయిందట. నవ్వకండి, మేలో మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇతనిలాంటి వాళ్లు రోజూ ఉంటారు.

డిగ్రీలో చేరడానికి అర్హత ఏమిటంటే ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఇంటర్ పాసవ్వాలి. ఒకేషనల్ వాళ్లూ చేరొచ్చు. ఎంపీసీ చదివినవాళ్లు బీఏకు, బీకాంకు పోకూడదేమో అనుకుంటారు, అదేం లేదు, ఏ గ్రూపు వాళ్లయినా పోవచ్చు. బీఎస్సీలో మ్యాథ్స్ తీసుకోవాలంటే మాత్రం ఇంటర్లో మ్యాథ్స్ ఉండాలి, లైఫ్ సైన్సెస్‌కు బైపీసీ ఉండాలి. అర్హత సంగతి ఇంతే. అయినా ఏటా మా హెల్ప్‌లైన్ సెంటర్లో ఏడ్చే పిల్లలను చూస్తాను. వాళ్లకు మార్కులు లేక కాదు.

నేను డిగ్రీలో చేరినప్పుడు కాలేజీకొక అప్లికేషన్ ఉండేది. మూడు కాలేజీలకు పెట్టాలంటే మూడు చోట్లకు బస్సెక్కాలి, మూడు డీడీలు తీయాలి. ఎక్కడ సీటొచ్చిందో నోటీసు బోర్డు చూసుకోవడానికి మళ్లీ బస్సెక్కాలి. 2016లో దోస్త్ వచ్చాక, అంటే డిగ్రీ సీట్లన్నీ ఒకే చోట ఆన్‌లైన్లో ఇచ్చే పద్ధతి వచ్చాక, ఆ తిప్పలు పోయాయి. ఒక్క రిజిస్ట్రేషన్, మొదటి విడతలో 200 రూపాయలు. దానితోనే మన పాలమూరు యూనివర్సిటీ కాలేజీలకు, నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ కాలేజీలకు, ఉస్మానియా, కాకతీయ, శాతవాహన, తెలంగాణ యూనివర్సిటీల కాలేజీలకు ఆప్షన్లు పెట్టుకోవచ్చు. ఇది మంచి పద్ధతే, నేను కాదనను. కానీ అప్పుడు బస్సు చార్జీ ఉంటే సరిపోయేది, ఇప్పుడు ఓటీపీ రావాలి. ఆ ఓటీపీ పోయేది ఆధార్‌కు లింకైన నంబరుకు.

మొన్నామధ్య ఒక ఏడాది జరిగింది చెప్తాను. ఊరు పేరు వద్దు. ఒక అమ్మాయి, 900 దాటిన మార్కులు, అవ్వతో కలిసి వచ్చింది. అమ్మానాన్న పుణెలో బిల్డింగ్ పనిలో ఉన్నారు. నంబరు నాన్నది. మేం ఇక్కడ ఓటీపీ పంపితే ఆయన ఏడో అంతస్తులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు, ఫోన్ కింద గుడిసెలో ఉంది. సాయంత్రం ఫోన్ చూసి అంకెలు చదివి చెప్పాడు పాపం, అప్పటికి ఆ ఓటీపీ గడువు ఎప్పుడో తీరిపోయింది. రెండో రోజు భోజనం వేళకు కుదుర్చుకుంటే సిగ్నల్ లేదు. మూడో రోజు ఆయన కూలి మానేసి ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. సీటొచ్చింది, మంచి కాలేజీలోనే. కానీ ఒక రోజు కూలి పోయింది, ఆ అవ్వ మూడు రోజులు మా వరండాలో కూర్చుంది. ఫిబ్రవరిలో ఆధార్ సెంటరుకు వెళ్లి నంబరు మార్చుకుని ఉంటే ఇదంతా పది నిమిషాల పని. ఫోన్ లింకు లేకపోతే మీసేవలో వేలిముద్రతో రిజిస్ట్రేషన్ చేసే దారి, టీ యాప్ ఫోలియో అనే ప్రభుత్వ ఫోన్ యాప్‌లో ముఖం చూపించి చేసే దారి కూడా ఉన్నాయి. అయితే రిజల్ట్స్ వచ్చిన వారం అక్కడ లైను ఎంత పొడుగుంటుందో నేను చూశాను.

పేరు విషయం కూడా ఇప్పుడే చూసుకోండి. టెన్త్ మెమోలో మీ పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఆధార్‌లోనూ అలాగే ఉండాలి. మన దగ్గర పిల్లల పేర్లకు రెండు రూపాలు మామూలే. బడిలో వెంకటేశ్వర్లు, ఆధార్‌లో వెంకటయ్య, ఇంట్లో ఎంకడు. మెమోను మార్చడం పెద్ద పని, ఆధార్‌ను మార్చుకోవడం చిన్న పని. ఏది మార్చుకోవాలో మీకే తెలుస్తుంది.

ఇక ఫోన్ మీ చేతిలో ఉన్నాక దాన్ని ఎవరికి ఇవ్వకూడదో చెప్తాను. పరీక్షలు అయిన మర్నాటి నుంచే కొందరు మీ ఇళ్లకు వస్తారు. చాలా మర్యాదగా మాట్లాడతారు. "అన్నీ మేమే చూసుకుంటాం, మెమో, ఆధార్ ఇవ్వండి చాలు, రెండు వందలు కూడా మేమే కడతాం" అంటారు. అలా ఒక కాలేజీ మనిషికి కాగితాలన్నీ ఇచ్చేసిన అబ్బాయి ఒకడు మా దగ్గరికి వచ్చాడు. రిజిస్ట్రేషన్ అతని పేరు మీదే ఉంది, కానీ ఆప్షన్లలో ఒకే ఒక్క కాలేజీ ఉంది. అది వాళ్లదే. టీసీ కూడా వాళ్ల దగ్గరే ఉంది. ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోవడానికి ఆ కుర్రాడు ఎన్నిసార్లు తిరిగాడో అతనికే తెలుసు. నాకు కోపం వచ్చేది ఆ ఏజెంటు మీద కన్నా, రెండు వందల కోసం మూడేళ్ల చదువు ఇచ్చేసుకున్న మన అమాయకత్వం మీద. ఒరిజినల్ టీసీ మీరు చేరే కాలేజీలో, చేరే రోజున ఇవ్వాల్సింది. అంతకు ముందు ఎవరడిగినా జిరాక్సే ఇవ్వండి.

దీనికి ఇంకో కొస ఉంది. సీటు అలాటయ్యాక మీకు ఇంకో ఓటీపీ వస్తుంది, దాన్ని సీసీఓటీపీ అంటారు. కాలేజీకి వెళ్లి, అక్కడ చేరతామని ఖాయం చేసుకున్నాకే ఆ అంకెలు చెప్పాలి. అవి చెప్పారంటే చేరినట్టే లెక్క. ఫోన్లో ఎవరో తీయగా అడిగారని చెప్పేస్తే మీరు గడప తొక్కని కాలేజీలో మీ పేరు ఎక్కుతుంది.

ఆప్షన్ల దగ్గర ఒక అపోహ ఉంది. పెద్ద కాలేజీ పైన పెడితే సీటు రాదు సరికదా, కింద పెట్టినవి కూడా పోతాయని. అలా ఏం కాదు. కంప్యూటర్ పై నుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది, మీ మార్కులకు, రిజర్వేషన్‌కు ఎక్కడ మొదట సీటు దొరికితే అక్కడ ఆపుతుంది. అందుకే మనసులో ఏది ఎక్కువ ఇష్టమో అదే పైన పెట్టండి, కింద మాత్రం పొదుపు చేయకండి. మొదటి విడతలో వచ్చిన సీటుకు గడువులోగా ఆన్‌లైన్లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, అంటే ఆ సీటు నాకు కావాలని చెప్పి, రెండో విడతలో ఇంకా మంచిది ప్రయత్నించొచ్చు. కొత్తది వస్తే పాతది దానంతట అదే పోతుంది. సెల్ఫ్ రిపోర్టింగ్ మరిచిపోతే మాత్రం వచ్చిన సీటు చేజారుతుంది. పెళ్లిళ్ల సీజన్ అది, జాగ్రత్త.

కాలేజీ ఎంచుకునేటప్పుడు దారి కూడా లెక్కేయండి. బండమీదిపల్లిలోని పాలమూరు యూనివర్సిటీ మన రాయచూర్ రోడ్డు మీదే ఉంది. ఆడపిల్లలకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఇంతకు ముందు "చార్జీలకే సగం పోతుంది" అని ఊళ్లో ఉన్నదానితో సరిపెట్టిన ఇళ్లలో ఇప్పుడు మాట మారింది. ఆ మార్పును ఆప్షన్లలో వాడుకోండి.

ఇంజనీరింగ్, ఫార్మసీ అనుకునేవాళ్లకు దోస్త్ కాదు, ఎప్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష. 160 మార్కులకు 40 వస్తే ర్యాంకు ఇస్తారు, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. 2023 నుంచి ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు. దాంతో "ఇంటర్ పాసైతే చాలు" అనేవాళ్లు ఎక్కువయ్యారు. కానీ ఇంజనీరింగ్ సీటుకు ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో కలిపి ఓసీలకు 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం ఉండాలి. ర్యాంకు చేతిలో పెట్టుకుని ఇక్కడ ఆగిపోతే ఎంత బాధో ఊహించుకోండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కుల ధ్రువీకరణ పత్రంతో పాటు ఆదాయ పత్రం కావాలి. బీసీలకు పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు హద్దు. కులం సర్టిఫికెట్ ఇప్పుడే తెచ్చుకోండి, ఆదాయానిది మాత్రం ఇప్పుడొద్దు. ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే అడుగుతారు. ఇప్పుడు తెస్తే మళ్లీ ఎమ్మార్వో ఆఫీసుకు తిరగాలి. చేరాక కూడా 75 శాతం హాజరు ఉండాలి. పత్తి ఏరడానికి వెళ్లానంటే స్కాలర్‌షిప్ వాళ్లు ఒప్పుకోరు.

మీరు ఇక్కడి స్థానికులేనని చూపడానికి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా బోనఫైడ్లు, అంటే ఏ ఏడు ఎక్కడ చదివారో చెప్పే సర్టిఫికెట్లు, తెచ్చుకోండి. ఇక్కడే మన వలస ఇళ్ల పిల్లలకు చిక్కు వస్తుంది. అమ్మానాన్నల వెంట పోయి రెండేళ్లు మహారాష్ట్రలో చదివినవాళ్లు, మధ్యలో బడి మానేసి మళ్లీ చేరినవాళ్లు ఉన్నారు కదా. ఆ ఏళ్లను దాచకండి. తహసీల్దార్ దగ్గర నివాస పత్రం తీసుకోవాల్సి రావచ్చు, దానికి రోజులు పడతాయి. మీ సంగతి ఏమిటో ఈరోజే నాకు చెప్పండి.

నేను సాయంత్రం బస్సు దాకా ఆ వేపచెట్టు కిందే ఉంటాను. ఆధార్, టెన్త్ మెమో జిరాక్స్ పట్టుకుని రండి, పేర్లు కలుస్తున్నాయో లేదో ఒక్కొక్కరివి చూద్దాం. నాన్న ఫోన్ పుణెలో, ముంబైలో ఉన్నవాళ్లు ముందు రండి. సిమ్ము పోయిన బాబూ, అందరికన్నా ముందు నువ్వు.