లిలీ బూలాంజే సంగీతం

శ్రోతలకు నమస్కారం.

1913లో పారిస్‌లో ప్రి ద రోమ్ పోటీ జరిగింది. ఫ్రాన్సులో యువ స్వరకర్తలకు అప్పట్లో అంతకు మించిన గౌరవం లేదు. అభ్యర్థులను వారాల తరబడి బయటివారితో సంబంధం లేకుండా ఒకచోట ఉంచి, ఇచ్చిన కవితకు ఆర్కెస్ట్రాతో సహా పూర్తి సంగీతం రాయమనేవారు. ఆ ఏడు పందొమ్మిదేళ్ల లిలీ బూలాంజే ‘ఫౌస్ట్, హెలెన్’ కథకు కట్టిన కాంటాటా, అంటే గాయకులూ ఆర్కెస్ట్రా కలిసి వినిపించే కథాగానం, మొదటి బహుమతి తెచ్చుకుంది. సంగీతంలో ఆ బహుమతి ఒక స్త్రీకి దక్కడం అదే మొదలు.

ఆ ఇంటికి ఈ పోటీ కొత్త కాదు. తండ్రి ఎర్నెస్ట్ 1835లోనే గెలిచారు. అక్క నాదియా 1908లో రెండో బహుమతి దగ్గరే ఆగిపోయింది. లిలీ పుట్టేనాటికి తండ్రికి 77 ఏళ్లు; ఆయన పోయేనాటికి ఆ పిల్లకు ఆరేళ్లు.

రెండేళ్ల వయసులో వచ్చిన న్యుమోనియాతో మొదలై, జబ్బు ఆమెను ఏనాడూ వదలలేదు. ఆమె గురించి చెప్పేవారు చాలామంది ఇక్కడే ఆగి జాలిపడతారు. నాకది నచ్చదు. తండ్రి స్మృతికి అంకితమిచ్చిన బైబిల్ 130వ కీర్తన, ‘అగాధం నుంచి’ వినండి. మంద్రస్థాయిలో పుట్టిన నాదం బృందగానమై, ఆర్కెస్ట్రా అంతటినీ వెంటేసుకుని ఎగసిపడుతుంది. అందులో జాలికి చోటెక్కడుంది?

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బహుమతితో దక్కిన రోమ్‌ చదువు మధ్యలోనే ఆగింది. అక్కాచెల్లెళ్లిద్దరూ యుద్ధరంగంలో ఉన్న సంగీత విద్యార్థుల కోసం సహాయ సంఘం పెట్టి, వారి ఉత్తరాలతో ఒక పత్రిక నడిపారు. ఒకరి క్షేమం మరొకరికి తెలిసేది దాని ద్వారానే. మరోవైపు బెల్జియం రచయిత మెటర్‌లింక్ నాటకం ఆధారంగా లిలీ ఒక ఆపెరా (పాటలతో నడిచే నాటకం) రాస్తూనే ఉంది, అది పూర్తికాలేదు.

చివరి రోజుల్లో కలం పట్టే శక్తి లేదు. ‘పియె జేజు’ అనే ప్రార్థనను మంచం మీది నుంచి స్వరం స్వరం చెబుతుంటే నాదియా రాసింది. ఒక స్త్రీ కంఠం, నాలుగు తంత్రీవాద్యాలు, హార్ప్, ఆర్గన్, అంతే. మొదట్లో ఆర్గన్ స్వరాలు నిలకడ లేక కదులుతుంటాయి. ‘ఆమెన్’ దగ్గరకు వచ్చేసరికి తేటపడతాయి. 1918 మార్చి 15న లిలీ కన్నుమూసింది. వయసు 24. పది రోజులకు ప్రముఖ ఫ్రెంచి స్వరకర్త డెబ్యుసీ కూడా పోయారు. నాదియా మాత్రం 1979 వరకు జీవించి, చెల్లెలి రచనలు మరుగున పడకుండా కాపాడింది.

ఈ పూట మీకు వినిపించేది ‘ప్రాచీన బౌద్ధ ప్రార్థన’. ఊపిరున్న ప్రతి జీవీ శత్రువులు లేకుండా, దుఃఖాన్ని దాటి, తన దారిన తాను స్వేచ్ఛగా సాగాలని కోరే పాఠమిది. నాలుగు దిక్కులవారినీ, దేవతలనూ, పతితులనూ కూడా కలుపుకుంటుంది. ఐరోపా తనను తాను చంపుకుంటున్న 1914-17 మధ్య ఆమె దీనికి సంగీతం కట్టింది. పదాలు ఫ్రెంచి. నడుమ ఒక ఫ్లూట్ ఒంటరిగా పలుకుతుంది, దాని వెంటే టెనర్ గాయకుడు, అంటే హెచ్చు స్థాయిలో పాడే పురుష కంఠం, అందుకుంటాడు. అక్కడి నుంచి బృందం బలం పుంజుకునే తీరును గమనిస్తూ వినండి.