మౌత్ ఆర్గాన్‌లో శాక్సోఫోన్ ఊపిరి

హోస్ట్: అందరికీ నమస్కారం. ఇవాళ మౌత్ ఆర్గాన్ గురించి మాట్లాడుకుందాం. ట్రంపెట్, శాక్సోఫోన్ వాళ్లు వాయించే బ్లూస్, జాజ్ అనే అమెరికా సంగీతాల ట్యూన్లు అరచేతిలో ఇమిడిపోయే ఈ వాయిద్యం మీద ఎలా పలుకుతాయి? మనతో ఉన్న అక్క చాలా ఏళ్లుగా అదే సాధన చేస్తున్నారు. అక్కా, ముందు ఒక ముక్క వినిపిస్తారా?

(మౌత్ ఆర్గాన్ వినిపిస్తుంది)

హోస్ట్: కళ్లు మూసుకుని విన్నాను. శాక్సోఫోనే అనుకున్నాను!

అతిథి: సంతోషం తమ్ముడూ. ఎందుకలా అనిపించిందో చెప్పగలవా?

హోస్ట్: శబ్దం కాస్త బొంగురుగా, మందంగా ఉంది కదా, అందుకేమో.

అతిథి: నేనూ మొదట అలాగే అనుకున్నాను. రెండేళ్లపాటు శాక్సోఫోన్ రికార్డులు పెట్టుకుని ఒక్కో స్వరం వెతికి పట్టుకునేదాన్ని. స్వరాలన్నీ సరిగ్గానే పడేవి, కానీ వింటే మాత్రం మౌత్ ఆర్గాన్‌లాగే ఉండేది. మా గురువుగారు ఒకరోజు అదే రికార్డు పెట్టి, "స్వరాలు వదిలెయ్, ఆయన ఎక్కడ గాలి పీల్చుకుంటున్నాడో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు" అన్నారు. పెడుతూ పోతే పన్నెండు బార్లలో, అంటే నాలుగేసి దెబ్బల పన్నెండు ఆవృతాల్లో, ఎన్ని గీతలు పడ్డాయో! నేనేమో ఆ చోట్లన్నీ నింపేసి వాయిస్తున్నాను.

హోస్ట్: అంటే తేడా ఊపిరిలో ఉందంటారా?

అతిథి: అక్కడే ఉంది. శాక్సోఫోన్ వాళ్లు ఊదడం ఒక్కటే చేస్తారు. గాలి అయిపోతే ఆగి తీరాలి. మన సన్నాయి వాళ్లలో ఊపిరి తిప్పుకుంటూ ఆగకుండా వాయించేవాళ్లున్నారు కానీ, బ్లూస్, జాజ్‌లో మామూలుగా ఒక మాట అని, ఆగి, ఇంకో మాట అంటారు. మౌత్ ఆర్గాన్ ఊదినా పలుకుతుంది, పీల్చినా పలుకుతుంది. ఆగాల్సిన అవసరమే రాదు, అందుకే మనం ఆగం. ఇంకో తమాషా ఉంది. బ్లూస్‌లో మనం ఎక్కువగా పీలుస్తూ వాయిస్తాం, ఊపిరితిత్తులు నిండిపోతాయి. కాబట్టి శాక్సోఫోన్ ఆయన గాలి పీల్చుకునే చోట మనం గాలి వదలాలి. ఆ క్షణంలో వాయిద్యాన్ని పెదాల నుంచి కొద్దిగా ఎడం చేసి చూడు. వాక్యం దానంతట అదే పూర్తవుతుంది.

హోస్ట్: పీలుస్తూ వాయించడం ఎందుకో కొత్తవాళ్లకు చెప్పండి.

అతిథి: మౌత్ ఆర్గాన్‌నే హార్మోనికా అంటారు. మామూలు డయాటోనిక్ హార్మోనికాలో, అంటే ఒకే స్కేల్ స్వరాలుండే దానిలో, పది హోల్స్, గాలికి కదిలి పలికే ఇరవై రీడ్లు ఉంటాయి. సి స్కేల్‌ది తీసుకుంటే, 2, 3, 4, 5 హోల్స్ పీల్చినప్పుడు జి, బి, డి, ఎఫ్ అనే పాశ్చాత్య స్వరాలు వస్తాయి. అవి కలిసి పలికితే జి సెవెన్ కార్డ్, అంటే ఒక స్వరాల గుంపు. బ్లూస్‌కు అదే ఇల్లు. అందుకే సి హార్మోనికా మీద జిలో వాయిస్తారు. దీన్నే సెకండ్ పొజిషన్ అంటారు. పైగా ఈ కింది హోల్స్‌లో పీల్చే స్వరాల్నే బెండ్ చేయొచ్చు. మూడో హోల్ చూడు, ఊదితే జి, పీలిస్తే బి. పీలుస్తూ నోటి లోపల నాలుకను సర్దితే ఆ బి కిందికి జారుతుంది. జి, బి మధ్య ఉన్న బి ఫ్లాట్, ఎ, ఎ ఫ్లాట్ మూడూ దొరుకుతాయి. ఫ్లాట్ అంటే ఆ స్వరానికి అర మెట్టు కింద. అదే ఐదో హోల్‌లో ఈ, ఎఫ్ పక్కపక్కనే ఉన్నాయి, జారడానికి చోటు లేదు.

హోస్ట్: మన గమకం లాంటిదన్నమాట.

అతిథి: చెవికి ఆ అలవాటు ఉంటే మంచిదే. బ్లూస్‌లో ఆ గాంధారం బి దగ్గరా ఉండదు, బి ఫ్లాట్ దగ్గరా ఉండదు, రెంటికీ మధ్య ఊగుతుంది. శాక్సోఫోన్ వాళ్లు పెదవితో చేసే పని మనం నోటి లోపల చేస్తాం.

హోస్ట్: ఈ దారి ముందు ఎవరు వేశారు?

అతిథి: నన్నడిగితే బ్లూస్ హార్మోనికా వాయించిన లిటిల్ వాల్టర్ పేరే చెబుతాను. అమెరికాలోని లూసియానాలో పుట్టి చికాగో చేరాడు. లూయీ జోర్డాన్ అని ఆల్టో శాక్సోఫోన్ వాయించే గాయకుడు అప్పట్లో పెద్ద పేరు. వాల్టర్ ఆయన పద్ధతిని హార్మోనికా మీదికి తెచ్చాడు. చిన్న మైకును హార్మోనికాతో కలిపి రెండు చేతుల్లో మూసి పట్టుకుని యాంప్లిఫయర్‌లోకి పంపేవాడు. దాంతో పదును తగ్గి, శబ్దం కండ పట్టింది. 1952 మే నెలలో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బృందంతో 'జూక్' రికార్డ్ చేశాడు. పాట లేదు, వట్టి వాయిద్యమే. అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ వేసే రిథమ్ అండ్ బ్లూస్ పాటల చార్టులో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ రికార్డు విను, వాక్యాల మధ్య బృందానికి ఎంత చోటు వదిలాడో చూడు. మైకు, యాంప్లిఫయర్ కొంటే ఆ శబ్దం కొంత వస్తుంది. ఆ చోటు వదలడం సాధనతో తప్ప రాదు.

హోస్ట్: జాజ్‌కు వచ్చేసరికి స్వరాలు చాలవు కదా?

అతిథి: చాలవు. బెండ్ చేసినా కొన్ని స్వరాలు దొరకవు. 1970 ప్రాంతంలో హార్మోనికా కళాకారుడు హోవర్డ్ లెవీ ఓవర్‌బ్లో పద్ధతితో ఆ ఖాళీలు నింపాడు. ఊదుతూనే పై స్వరం పుట్టించడం అది, చాలా కష్టం. రెండో దారి క్రోమాటిక్ హార్మోనికా. పక్కనున్న మీట నొక్కితే ప్రతి స్వరం అర మెట్టు పైకి పోతుంది. బ్రసెల్స్‌లో పుట్టిన టూట్స్ థీల్‌మాన్స్ దాని మీద జాజ్ వాయించి ప్రపంచమంతా తిరిగాడు. జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి 'సో వాట్' తెలుసుగా? మొదటి పదహారు బార్లు డి డోరియన్‌లో, అంటే సి స్కేల్ స్వరాల్నే డి నుంచి మొదలుపెట్టే వరసలో, ఉంటాయి. సి క్రోమాటిక్ మీద మీట ముట్టుకోకుండా వాయించొచ్చు. తర్వాతి ఎనిమిది బార్లు అదే వరసతో అర మెట్టు పైకి, ఈ ఫ్లాట్‌కు వెళ్తాయి. మీట నొక్కి పట్టుకుని అవే హోల్స్ వాయిస్తే చాలు! చివరి ఎనిమిదికి వదిలెయ్. ఇది మొదటిసారి తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హోస్ట్: ఏ స్కేల్ హార్మోనికాలు కొనుక్కోవాలి?

అతిథి: శాక్సోఫోన్, ట్రంపెట్ వాళ్లకు బి ఫ్లాట్, ఈ ఫ్లాట్, ఎఫ్ ఇష్టం. వాళ్లతో సెకండ్ పొజిషన్‌లో వాయించాలంటే వరసగా ఈ ఫ్లాట్, ఎ ఫ్లాట్, బి ఫ్లాట్ హార్మోనికాలు కావాలి. ముందు ఒకటి సరిగ్గా నేర్చుకున్నాకే మిగతావి.

హోస్ట్: ఇవాళే మొదలుపెట్టేవాళ్లకు ఒక ట్యూన్ చెప్పండి.

అతిథి: జాజ్ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్ బృందం 1942లో రికార్డ్ చేసిన 'సి జామ్ బ్లూస్'. అందులో ప్రధాన ట్యూన్ అంతా రెండే స్వరాలు, జి, సి. ఎఫ్ హార్మోనికా మీద ఒకటో హోల్ పీలిస్తే జి, రెండోది పీలిస్తే సి. బెండ్ కూడా అక్కర్లేదు. ఒకే వాక్యం మూడుసార్లు వస్తుంది, పన్నెండు బార్లు అయిపోతాయి. దాచుకోవడానికి స్వరాలే లేవు కాబట్టి, నాలుక ఎక్కడ తాకింది, ఎక్కడ ఆపావు, అదే వినిపిస్తుంది. "ట" అని గట్టిగా మొదలుపెడితే ట్రంపెట్, "డూ" అని మెత్తగా మొదలుపెడితే శాక్సోఫోన్. నా దగ్గర చేరినవాళ్లతో నెల రోజులు ఇదే వాయిస్తాను.

హోస్ట్: నెల రోజులా!

అతిథి: నెల రోజులూ సరిపోవు. రా, నువ్వు చప్పట్లు కొట్టు. బార్‌లో నాలుగు దెబ్బలు లెక్కపెట్టు, ఒకటికీ మూడుకీ వద్దు, రెండుకూ నాలుగుకూ.

(చప్పట్లు, వాటి మీద ఎఫ్ హార్మోనికా)

అతిథి: చూశావా, నేను ఆగిన చోట నీ చప్పట్లు పరుగెత్తాయి. అక్కడ నువ్వూ ఊపిరి వదులు. మళ్లీ మొదటి నుంచి.

(చప్పట్లు నెమ్మదిగా మొదలవుతాయి)