చిన్నప్పుడే కుట్టేశారు కదా, మళ్లీ ఇప్పుడేంటి?

[తెరపై: దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ జూనియర్ కాలేజీ, మొదటి రోజు. హాజరు పిలుస్తున్న గొంతు.]

‘ప్రెజెంట్ సార్’. అందరికీ అది అరక్షణం పని. పెదవి, అంగిలి (నోటి పైకప్పు) చీలికతో పుట్టిన కొందరు పిల్లలకు కాదు. ప, స పలకాలంటే నోట్లో గాలి నిలవాలి. అంగిలి వెనక భాగం సరిగా మూసుకోకపోతే గాలి ముక్కులోంచి పోతుంది. వెనక బెంచీలో నవ్వులు మొదలవుతాయి.

ఇంట్లో చెబితే ‘ఏడాది పిల్లాడప్పుడే ఆపరేషనైంది, ఇదంతా నీ భ్రమ’ అంటారు. భ్రమ కాదు.

[తెరపై: పక్కనుంచి చూసిన ముఖం గీతబొమ్మ, 8 ఏళ్లకు, 15 ఏళ్లకు.]

చాలామందిలో పై దవడ ఎదుగుదల వెనకబడుతుంది, కింది దవడ మామూలుగానే ముందుకొస్తుంది. ముక్కు వెనకుండే కండలు, అడినాయిడ్లు, ఈ వయసులో కుంచించుకుపోతాయి. అంగిలికి ఆ ఆసరా తప్పాక కొందరి మాట మళ్లీ ముక్కుతో వస్తుంది. దవడ సరిచేసే ఆపరేషన్ మాత్రం మామూలుగా ఎదుగుదల ఆగాకే చేస్తారు. అంటే ముఖం మారిపోతున్న ఏళ్లన్నీ ఎదురుచూపే.

పెదవి మీది కుట్టు మచ్చ ఎంత చిన్నదైతే బాధ అంత తక్కువనుకోకండి. ఆ లెక్క కుదరదు. ఫోటోకి రాకపోవడం, మాస్క్ తీయకపోవడం, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకోవడం గమనించండి. క్లాసులో పలకకపోతే చెవి పరీక్ష కూడా చేయించండి. ఈ పిల్లలకు చెవిలో నీరు చేరి వినికిడి తగ్గడం మామూలే.

‘మూతికేమైంది?’ అని ఎవరైనా అడిగితే చెప్పే జవాబును ఇంట్లోనే పదిసార్లు అనిపించండి: ‘పుట్టుకతోనే ఉంది, ఆపరేషనైంది, నొప్పేం లేదు. నీది ఏ గ్రూపు?’ చివరి ప్రశ్న ముఖ్యం, మాట అక్కణ్ణుంచి మళ్లిపోతుంది.

గ్రహణం నాడు అమ్మ కూరగాయలు కోసిందన్న మాట పిల్లల ముందు ఆపండి. పెదవి కలిసేది గర్భం తొలి వారాల్లో, గ్రహణానికి అందులో పనేం లేదు.

దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే డాక్టర్‌ని కలవండి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అంటే నవ్వే ఊరు మనది, అందుకే చాలామంది వెళ్లరు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఇంటినుంచే ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

[తెరపై: డాక్టర్ గది. అమ్మానాన్నల మధ్య కూర్చున్న అమ్మాయి.]

తర్వాతి ఆపరేషన్ మాటొచ్చినప్పుడు డాక్టర్‌కి మీరు జవాబు చెప్పకండి. ముక్కు సరిచేయించాలని అమ్మకుంటుంది. పిల్లకు మాట స్పష్టంగా వస్తే చాలనుండొచ్చు.