స్విచ్చి కుడిపక్కనుంది తల్లీ!

నమస్తే అండి. శుక్రవారం రాత్రి మా పిన్నిని తీసుకుని విజయవాడ గాంధీనగర్‌లో సెకండ్ షోకి వెళ్ళాను. సైకలాజికల్ థ్రిల్లర్ అన్నారు. గుండె జబ్బున్నవాళ్ళు రావద్దని పోస్టర్ మీద రాశారు. మా పిన్నికి బీపీ ఉంది, మాత్ర వేసుకుని మరీ వచ్చింది. సినిమా అయ్యాక "దీనికా నేను మాత్ర వేసుకుంది?" అంది. రివ్యూ అంటే అదే, కానీ అక్కడితో ఆపేస్తే వీడియో నిమిషం కూడా రాదు కదా, అందుకని కూర్చోండి.

సినిమా పేరు చెప్పను. కొత్త డైరెక్టరు, చిన్న సినిమా, ఇంకా ఆడుతోంది. ఆ కుర్రాడి పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. పేరు చెప్పట్లేదు కాబట్టి ట్విస్టు చెప్పేసినా గొడవ లేదు.

కథ చిన్నది. భర్త పోయిన ఒక అమ్మాయి ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటుంది. ఇంట్లో వస్తువులు చోటు మారుతుంటాయి. ఆర్పిన స్టవ్ వెలుగుతుంటుంది. మొదటి పావుగంటలోనే ఒక రాత్రి ఆవిడ చీకట్లో హాల్లోకి వస్తుంది. కరెంటు ఉంది, పక్కన ఫ్రిజ్ లైటు కనపడుతూనే ఉంది. అయినా ట్యూబ్‌లైట్ వెయ్యదు. ఫోన్ టార్చి పట్టుకుని "ఎవరది?" అంటుంది. నా వెనక వరసలోంచి ఒకాయన గట్టిగా, "స్విచ్చి కుడిపక్కనుంది తల్లీ!" అన్నాడు. హాలంతా ఒక్కటే నవ్వు. ఆ నవ్వు మొదలయ్యాక ఇక ఆ సినిమాకి ఊపిరి అందలేదు.

ఆయన్ని తప్పు పట్టను. మనవాళ్ళు తెరతో మాట్లాడతారు, అది మన అలవాటు. విజయవాడలో మారుతి టాకీస్ 1921లో కట్టారు, అంటే వందేళ్ళ పైనుంచి ఈ ఊళ్ళో జనం హాల్లో కూర్చుని హీరోకి సలహాలు ఇస్తూనే ఉన్నారు. భయపడిన మనిషి మాత్రం సలహా ఇవ్వడు. నోరు పెగలదు.

సరే, డైరెక్టరు ఏం చేశాడంటే, భయం రాలేదు కాబట్టి శబ్దం పెంచాడు. తలుపు తీస్తే ధన్. అద్దంలో చూస్తే ధన్. పిల్లి దూకితే ధన్. ఇంటర్వెల్ లోపల పద్నాలుగు సార్లు లెక్కపెట్టాను. మొదటి రెండుసార్లు నిజంగానే ఉలిక్కిపడ్డాను, అబద్ధం ఎందుకు. పెద్ద చప్పుడుకి రెప్ప కొట్టుకోవడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు, అది మెదడు మన పర్మిషన్ అడక్కుండా చేసే పని. కానీ అదే చప్పుడు మళ్ళీ మళ్ళీ వస్తే ఒళ్ళు అలవాటు పడిపోతుంది. దీపావళి రాత్రి మొదటి లక్ష్మీబాంబుకి ఎగిరిపడి, పదోదానికి నిద్రపోతాం చూడండి, అలాగ. ఉలికిపాటు వేరు, భయం వేరు. మనకి రెండు మాటలున్నాయి, వీళ్ళు ఒకటే వాడుతున్నారు.

భయం అంటే ఏంటో పక్క సీట్లో కూర్చున్న మా పిన్నికి బాగా తెలుసు. వాళ్ళది సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి వాళ్ళ వీధిలోకి వచ్చింది. సాయంత్రానికి కింద వాటా మునిగింది. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది. రాత్రంతా మేడ మెట్ల మీద కూర్చుని, గంటకోసారి అగ్గిపుల్ల గీసి నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయో చూసుకున్నారు. చప్పుడు లేదు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైందని తర్వాత పేపర్లో చదివారు, కానీ పిన్నికి గుర్తున్న అంకె తొమ్మిది. తొమ్మిదో మెట్టు దగ్గర నీళ్ళు ఆగాయి. వస్తోందని తెలుసు, ఎంత వస్తుందో తెలీదు. ఎనిమిదో మెట్టు మునిగినప్పుడు ఎవ్వరూ మాట్లాడలేదట.

సస్పెన్స్ సినిమాలకి పేరుపడ్డ ఇంగ్లీషు డైరెక్టరు హిచ్‌కాక్ చెప్పిన బాంబు ముచ్చట కూడా ఇదే. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని కబుర్లాడుతున్నారు, ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలింది. ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల షాకు. అదే బాంబు అక్కడుందని మనకి ముందే చూపించి, ఆ ఇద్దరికీ చెప్పకపోతే పదిహేను నిమిషాల టెన్షన్. కబుర్లు అవే. కానీ మనం కుర్చీ అంచుకొచ్చి కూర్చుంటాం.

ఈ సినిమాలో బాంబుని రెండు గంటలు బీరువాలో దాచారు. ట్విస్టు ఏంటంటే, ఇంట్లో వేరే ఎవరూ లేరు, ఆ వస్తువులు జరిపేది ఆ అమ్మాయే. ఆవిడకే తెలీదు. ఇది మనం కనిపెట్టకుండా ఉండాలని పక్క ఫ్లాట్‌లో ఒక పేరున్న నటుణ్ణి పెట్టి అనుమానంగా చూపించారు. పిన్ని పదో నిమిషంలోనే తేల్చేసింది: "అతన్ని అంతలా చూపిస్తున్నారంటే అతను కాదురా." అయిపోయింది. తెలుగు ఆడవాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా సీరియళ్ళు చూస్తున్నారండి, వాళ్ళని మోసం చెయ్యడం అంత తేలిక కాదు.

చివర్లో ఒక సైకియాట్రిస్టు వస్తాడు. బోర్డు మీద బొమ్మ గీసి పదకొండు నిమిషాలు చెబుతాడు. హాల్లో సగం మంది బండి తాళాలు తీశారు. పైగా ఆ డాక్టరు దాన్ని స్కిజోఫ్రెనియా అన్నాడు! అది లేని మాటలు వినపడే, లేనివి నిజమనిపించే జబ్బు. ఆ మాటకి గ్రీకులో చీలిన మనసు అని అర్థం వస్తుంది, అక్కడే మన రైటర్లు పడిపోతారు. ఒకే మనిషిలో ఇద్దరు ముగ్గురున్నట్టు ఉండే సమస్య వేరు, దాన్ని 1994 నుంచి డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటున్నారు. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళు మన ఇళ్ళల్లో, మన వీధుల్లో మందులేసుకుని బతుకుతున్నారు. వాళ్ళ చేతిలో ఊరికే కత్తి పెట్టకండయ్యా.

డాక్టరు చెప్పడం తప్పని అనట్లేదు. 2005లో వచ్చిన చంద్రముఖిలోనూ డాక్టరు కూర్చోబెట్టి అంతా చెబుతాడు. కానీ ఎప్పుడు చెబుతాడు? దుర్గాష్టమికి ముందు. జబ్బున్న అమ్మాయి మామూలుగా నవ్వుతూ తిరుగుతుంటుంది, ఆ రాత్రి ఏమవుతుందోనని మనకి కాళ్ళు వణుకుతుంటాయి. విషయం తెలిశాక భయం మొదలైంది. ఇక్కడ విషయం తెలిశాక టైటిల్స్ పడ్డాయి. 1960లో వచ్చిన సైకోలో హిచ్‌కాక్ కూడా డాక్టరు చేత చివర్లోనే చెప్పించాడు, ఆ సీను సాగదీతేనని ఆయన అభిమానులే ఒప్పుకుంటారు. కానీ ఆయన అక్కడ ఆపలేదు. తర్వాత ఒక గదిలో హత్యలు చేసిన కుర్రాడు ఒక్కడే కూర్చుంటాడు, చేతి మీద ఈగ వాలుతుంది, చంపడు. మనవైపు చూసి నవ్వుతాడు. డాక్టరు చెప్పిందంతా ఆ నవ్వు ముందు దిగదుడుపే.

మన కుర్ర డైరెక్టరుకి అది చేతకాక కాదు. ఇంటర్వెల్‌కి పావుగంట ముందు ఒక సీనుంది. ఆ అమ్మాయి రాత్రి నిద్ర పట్టక బాత్రూమ్‌లోకి వెళుతుంది. స్టాండులో రెండు బ్రష్షులు. ఒకటి ఆవిడది, ఇంకోటి పోయిన భర్తది, పారేయలేక ఉంచుకుంది. ఊరికే ముట్టుకుంటుంది. తడిగా ఉంది. అంతే. మ్యూజిక్ లేదు, ధన్ లేదు. వెనకాయన కూడా నోరు మూసుకున్నాడు. పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది. అర నిమిషం ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అప్పుడు పిల్లి దూకింది.

ఆ పిల్లిని ఎడిటింగ్‌లో తీసేసి ఉంటే నేనివాళ వేరే వీడియో చేసేవాణ్ణి. ఏ సినిమానో పోల్చుకున్నవాళ్ళు ఆ బ్రష్షు సీను దాకా ఫోన్ జేబులో పెట్టుకోండి. అది అయ్యాక పునుగులు తెచ్చుకోవడానికి లేచినా పెద్దగా పోయేదేం లేదు.