ఇది ఎవరి మాట?

శ్రోతలకు నమస్కారం.

ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసే అలవాటు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. నాకూ ఉంది. కొన్నేళ్ల కిందట అక్కడ ఇంటర్ గైడ్ల గుట్ట కింద, అట్ట ఊడిన లావుపాటి సంస్కృత పుస్తకం ఒకటి దొరికింది. పేరు ద్వాదశార నయచక్రం. రాసింది మల్లవాది అనే జైనాచార్యుడు. పేజీకి మూడు అంతస్తులు: పైన కాస్త మూలం, మధ్యలో వ్యాఖ్య, అడుగున చీమల బారులా చిన్న అక్షరాలు. ఇంటికొచ్చి పీఠిక తిప్పాక తెలిసింది, ఆ పైనున్న మూలం ఏ రాతప్రతిలోనూ లేదని!

మల్లవాది గ్రంథం ఎప్పుడో పోయింది. దాని మీద సింహసూరి రాసిన వ్యాఖ్య మిగిలింది. వ్యాఖ్యాత మూలంలోంచి రెండు మాటలు ఎత్తుకుని, ‘ఇత్యాది’ అనేసి, అర్థం చెప్పుకుంటూ పోతాడు. ఎత్తేసిన విస్తళ్లు చూసి పెళ్లిలో ఏమేం వడ్డించారో చెప్పమంటే ఎలా ఉంటుందో, ఈ పనీ అంతే. ముని జంబూవిజయ అలా ఒక్కో వాక్యం కూడగట్టారు. మొదటి భాగం 1966లో భావనగర్‌లో అచ్చయింది. మన భాగవతంలో పోయిన భాగాల్ని గంగన, సింగన, నారయ పూరించారు కదా. వాళ్లు కవులు, సొంత పద్యం చెప్పొచ్చు. పరిష్కర్తకి, అంటే పాత ప్రతులు చూసి అసలు పాఠం తేల్చేవాడికి, ఆ వీలు లేదు. సొంత మాట ఒక్కటి దొర్లినా అది దొంగతనం కిందే లెక్క.

పైగా ఇది మామూలు పుస్తకం కాదు, వాదాల చక్రం. బండి చక్రానికి ఉన్నట్టు పన్నెండు ఆకులు, ఒక్కో ఆకు ఒక్కో దర్శనం, అంటే ఒక్కో తాత్విక వాదం. రెండోది మొదటిదాన్ని ఖండిస్తుంది, మూడోది రెండోదాన్ని. పన్నెండోదాన్ని ఖండించడానికి మళ్లీ మొదటిది లేస్తుంది. ఇరుసు దగ్గర అనేకాంతవాదం. ఒక్కో వాదం ఒక్కో కోణం వరకే నిజమనే జైన సిద్ధాంతం అది. అంటే పుస్తకంలో ఎక్కువసేపు మాట్లాడేది ఎదుటివాళ్లే. పాత ప్రతుల్లో పదాల మధ్య ఖాళీ ఉండదు, కొటేషన్ గుర్తులు ఉండవు. ఎవరు మాట్లాడుతున్నారో ఎలా తెలియాలి?

ఒక్క ఉదాహరణ చెబుతాను. సంస్కృత శాస్త్రాల్లో ‘నను’ అంటే ఎదుటివాడు అడ్డు తగిలాడని గుర్తు. ‘అది సరే గానీ...’ అన్నట్టు. ‘న తు’ అంటే ‘అంతేగానీ ఇది కాదు’ అని. చేతిరాత నాగరిలో ‘న’కీ ‘త’కీ తేడా చిన్న వంపే. లేఖకుడికి నిద్రమత్తు వచ్చి ఆ వంపు తప్పితే ప్రత్యర్థి మాట గ్రంథకర్త నోట్లోకి వచ్చేస్తుంది. కథల్లో అక్షరం పోతే అందం పోతుంది. తర్కంలో పోతే పక్షమే మారిపోతుంది.

అందుకే పరిష్కర్తకి ప్రత్యర్థుల పుస్తకాలూ రావాలి. మల్లవాది గట్టిగా పట్టుకున్నవాళ్లలో బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ఒకడు. ఆయన ప్రమాణసముచ్చయం సంస్కృతంలో దొరక్క, టిబెటన్ అనువాదంలోనే మిగిలింది. జంబూవిజయ ఆ భాష నేర్చుకున్నారు! ఒక జైన సాధువు, తన ఆచార్యుడు ఖండించిన బౌద్ధుడి మాట సరిగ్గా వినడానికి పరాయి భాష నేర్చుకోవడం. నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో ముచ్చటేసింది ఇదే. వియన్నా పండితుడు ఫ్రావుల్‌నర్ తొలి భాగానికి పీఠిక రాశాడు. జంబూవిజయ మాత్రం వాహనం ఎక్కరు, చివరిదాకా కాలినడకే. 2009లో అలా నడుస్తూనే రోడ్డు ప్రమాదంలో పోయారు.

రేడియోలో మాట్లాడుతూ ఇలాంటి మరో పరిష్కర్త, పండిత సుఖలాల్ సంఘ్వీ గురించి చెప్పకపోతే తప్పు. 16 ఏళ్లకి మశూచితో రెండు కళ్లూ పోయాయి. ఆ తర్వాతే కాశీ వెళ్లి న్యాయశాస్త్రం, అంటే తర్కం చదివారు. బేచర్‌దాస్ దోశీతో కలిసి సిద్ధసేనుడి జైన తర్క గ్రంథం సన్మతితర్కాన్ని, అభయదేవుడి పెద్ద వ్యాఖ్యతో సహా, గుజరాత్ విద్యాపీఠ్ కోసం పరిష్కరించారు. ఐదు సంపుటాలు. పక్కవాళ్లు చదువుతుంటే ఆయన విని, గుర్తు పెట్టుకుని, పాఠం తేల్చాలి. నేను ఒక పేజీ పాఠాంతరాలు, అంటే ప్రతికీ ప్రతికీ ఉన్న తేడాలు, కళ్లతో చూస్తూ కూడా రెండో వరుసలోనే దారి తప్పుతాను.

మనకి జైనం అంటే కొలనుపాక గుడి గుర్తొస్తుంది, హైదరాబాద్‌కి 80 కిలోమీటర్లు. కాస్త చదివినవాళ్లకి కన్నడ కవి పంపడి తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ దగ్గరి కురిక్యాల బొమ్మలగుట్ట మీద చెక్కించిన తెలుగు కంద పద్యాలు గుర్తొస్తాయి. వాళ్ల తర్కం దాకా ఎవరం వెళ్లం. అందుకేనేమో ఆ పుస్తకం గైడ్ల కింద పడి ఉంది.

అయితే నాకన్నా ముందు దాన్ని ఎవరో చదివారు. ఒక పేజీ అంచున పెన్సిల్‌తో తెలుగులో ‘ఇది ఎవరి మాట?’ అని ఉంది. కింద అదే చేతిరాతతో ‘బౌద్ధుడిది’ అని జవాబు. తర్వాత దాన్నీ కొట్టేసి, పక్కన మళ్లీ ప్రశ్నార్థకం పెట్టారు. నేను దాన్ని చెరపలేదు.

సెలవు.